డీలియా ఆడిన తొంభై కిలోమీటర్ల అబద్ధం

డీలియా కెనడా ఉత్తరాన వైట్‌హార్స్‌లో ఒక బడి వంటశాలలో పద్దెనిమిదేళ్ళుగా వండి పెడుతోంది. సూపులో ఉప్పు ఎక్కువైతే పిల్లలు నోట పెట్టకముందే చెప్పేసే మనిషి. అలాంటిది నలభై తొమ్మిదో ఏట ఒక పెద్ద అబద్ధం ఆడింది. అదీ కట్టుకున్నవాడితో.

ఆమె మొగుడు గార్త్ ఉత్తరాది మట్టిరోడ్ల మీద గ్రేడర్ బండితో గుంతలు పూడ్చి చదును చేసేవాడు. రెండేళ్ళ కిందట కండరాలు కరిగిపోయే జబ్బు బయటపడింది. వచ్చే ఎండాకాలానికి సైకిలు మాట దేవుడెరుగు, లేచి నిలబడడమే కష్టమని ఈ ఏడు మొదట్లో డాక్టరు కుండబద్దలు కొట్టాడు. గార్త్ ఆ రోజు ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, షెడ్డులో ఉన్న మూడు సైకిళ్ళ గొలుసులకూ నూనె పెట్టాడు. తనూ, డీలియా, పదిహేనేళ్ళ కూతురు బ్రిన్. వైట్‌హార్స్ నుంచి టుక్ దాకా, అంటే రోడ్డు అయిపోయి ఆర్కిటిక్ సముద్రం మొదలయ్యే చోటిదాకా, పద్నాలుగు వందల కిలోమీటర్లు. దారిలో ఎవరి బండీ ఎక్కకూడదు. ఆ షరతు అతనిదే.

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం గార్త్. డాసన్ ఊరికి ఇవతల రోడ్డు పని జరుగుతోంది. అక్కడ సైకిళ్ళవాళ్ళను దారి చూపే ట్రక్కులోకి ఎక్కించి అవతల దింపుతారు, తొక్కనివ్వరు. ఆ రూలు ఇరవై రెండేళ్ళు అమలు చేసినవాడు కనుక కిక్కురుమనకుండా ఎక్కాడు. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం ఆ ఏడు కిలోమీటర్లూ వెనక్కి పోయి, మళ్ళీ మొదటి నుంచీ తొక్కుకుంటూ వచ్చాడు. దాని ఫలితంగా రెండు రోజులు డేరాలోంచి లేవలేదు. డీలియా అతని పిక్కలు పడుతూ నోటికొచ్చినట్టు తిట్టింది. ఏం లాభం, అతను నవ్వుతూ నిద్రపోయాడు.

ఆర్కిటిక్ వలయం దాటాక వాన పట్టుకుంది. రోడ్డంతా బంకమన్ను. చక్రం మూడు బారలు తిరిగితే ఆరు మార్లు ఆగి పుల్లతో గోకాలి. ఆ తడిలో గార్త్‌కి జ్వరం వచ్చి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. మళ్ళీ రోడ్డు పని దగ్గర ట్రక్కు వచ్చేసరికి అతనికి ఒంటి మీద స్పృహే లేదు. ట్రక్కు నడిపే ఎనోక్ తాత ఫోర్ట్ మెక్‌ఫర్సన్ ఊరి గ్విచిన్ తెగ పెద్దాయన. పని జరిగే చోటు దాటాక దింపబోతే డీలియా చేతులు పట్టుకుని బతిమాలింది. ఆయన మారు మాట్లాడకుండా కనుమ మీదుగా, తొంభై కిలోమీటర్లు, పీల్ నది రేవు దాకా తీసుకెళ్ళి దింపాడు. నది పొంగి పడవ ఆగిపోవడంతో అక్కడే డేరా వేయడానికి సాయం చేసి, ఎండు చేపలు ఇచ్చి వెళ్ళాడు.

గార్త్‌కి తెలివొచ్చింది మూడో రోజున. నది చప్పుడు విని, నీళ్ళయినా అడగకుండా, మధ్యలో ఏమైనా వదిలేశామా అని అడిగాడు. ఆ మొహం చూసింది డీలియా. నిజం చెబితే వెనక్కి పోతాడు. వెనక్కి పోతే మిగిలేది శవమే.

"ఏమీ వదల్లేదు. నువ్వే తొక్కావు. జ్వరంలో నీకు గుర్తులేదంతే."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికే పని బ్రిన్ చేసింది. కనుమ మీద నాన్న గొంతు చించుకుని పాట పాడాడనీ, అంత అపశ్రుతికి ఎలుగుబంట్లు కూడా పారిపోయాయనీ చెప్పింది. అంత ఉత్తరాన వేసవిలో పొద్దు కుంకదు, ఎన్ని రోజులు గడిచాయో లెక్క తప్పడం తేలిక. గార్త్ నమ్మాడు.

నమ్మి ఊరుకున్నా బాగుండేది. అప్పటిదాకా ఎక్కిన కొండలన్నీ మరిచిపోయి, గుర్తులేని ఆ కనుమనే నెత్తిన పెట్టుకున్నాడు. రేవులో పడవవాళ్ళకు చెప్పాడు, ఇనూవిక్‌లో కొట్టువాడికి చెప్పాడు. స్పృహ లేకుండా కొండ దాటిన కాళ్ళివి అని తొడలు చరుచుకుని చూపించాడు. జబ్బు బయటపడ్డాక అతను తన కాళ్ళను మెచ్చుకోవడం అదే మొదలు. ఇనూవిక్‌లో చెప్పేద్దామనుకుంది డీలియా. చెప్పలేకపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నానని ఆమెకు తెలుసు.

టుక్ చేరారు. రోడ్డు చివర నీళ్ళు, బోర్డు, గాలి. చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. గార్త్ వాళ్ళకూ కనుమ కథ మొదలుపెట్టాడు. సగంలో ఉండగా, మనవరాలి పెళ్ళికి ఆ ఊరొచ్చిన ఎనోక్ తాత కర్ర ఊపుకుంటూ వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"బతికే ఉన్నావా అబ్బాయ్. ఆ రోజు నా బండి సీట్లోనే పోతావనుకున్నా. రేవు దాకా మీ ఆవిడ నీ చెయ్యి వదిలితే ఒట్టు."

గార్త్ నవ్వాడు. తాత ఇంకెవరినో అనుకుంటున్నాడన్నాడు.

"ఇంకెవరినో ఏమిటి? ఈ పిల్లే కదా మూడు సైకిళ్ళూ వెనకాల ఎక్కించింది."

గార్త్ కూతురి వైపు చూశాడు. బ్రిన్ తల దించుకుంది. ముసలాయనకి ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. చేపలు పంపిస్తానని చెప్పి మెల్లగా వెళ్ళిపోయాడు.

గార్త్ అరుస్తాడనుకుంది డీలియా. అరిస్తే బాగుండును. అతను రాయి మీద కూర్చుని చాలా నెమ్మదిగా అడిగాడు.

"టూంబ్‌స్టోన్ కొండ మీదికి ఎవరు తొక్కారు?"

"నువ్వే. నా కళ్ళతో చూశాను."

"ఓగిల్వీ కొండ? ఆ ఎదురుగాలి రోజు?"

"నువ్వే, గార్త్. నీ వెనకే ఉన్నాను కదా."

"అందుకే అడుగుతున్నా. వెనక నుంచి నెట్టేదానివా?"

ఒక్కసారి కూడా చెయ్యి వేయలేదు. కూతురి మీద ఒట్టేసి చెప్పింది. ఏడుస్తూ ఒక్కొక్క కొండ పేరే చెప్పింది. ప్రతిదానికీ అతను తల ఊపాడు. రోగిని బాధపెట్టడం ఇష్టంలేక ఇంట్లోవాళ్ళు తల ఊపుతారే, అలా. ఇప్పుడు రోగి ఆమే అయినట్టుంది. దాచినవి తొంభై కిలోమీటర్లే, మిగతావన్నీ అతను నిజంగానే తొక్కాడు. ఆ మాట ఇక ఈ లోకంలో ఎవరు చెప్పినా అతను నమ్మడు.

ముందు చక్రం సముద్రంలో ముంచడం ఆ రోడ్డు పూర్తిచేసినవాళ్ళ ఆనవాయితీ. చలికి వణుకుతూ బ్రిన్ నాన్న సైకిలు తెచ్చి చేతికివ్వబోయింది.

"మీరిద్దరూ ముంచండమ్మా," అన్నాడు గార్త్. "తొక్కినవాళ్ళు మీరే కదా."