పార్కులో నా నాడి పట్టుకున్నదెవరు?

దెయ్యాలు, ఆత్మలు, కలలో కనబడి హెచ్చరించే పెద్దవాళ్లు, వీటిలో దేన్నీ నేను నమ్మను. మాది నరసాపురం దగ్గర క్రైస్తవ కుటుంబం. ప్రార్థన వేరు, దెయ్యాల కథలు వేరు అని మా నాన్న చిన్నప్పుడే నూరిపోశారు. దానికి తోడు నా ఉద్యోగం కూడా నమ్మకపోవడమే. ఇరవై ఏళ్లుగా అమెరికాలోని ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఎవరైనా బాగానే పనిచేస్తోందంటే, ఏదీ చూపించు నాయనా అనే రకాన్ని.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

కిందటి చలికాలం నాకు ఫ్లూ వచ్చింది. అందరికీ వచ్చే ఫ్లూయే కదా అనుకున్నాను. నాలుగో రోజుకి ఊపిరి అందలేదు. న్యుమోనియా అన్నారు, ఐసీయూలో పెట్టారు. ఊపిరితిత్తులు తేరుకుంటున్నాయని సంతోషించేలోగా గుండె కండరానికి వాపు వచ్చిందన్నారు. పందొమ్మిది రోజుల తర్వాత ఇంటికి పంపుతూ కార్డియాలజిస్టు ఒకటికి రెండుసార్లు చెప్పారు. వైరస్ పోయినా అది చేసిన గాయం నెలల తరబడి ఉంటుందనీ, ఆరు నెలలపాటు పరుగులు, ఆటలు, బరువులు ముట్టుకోవద్దనీ. మాట వినకపోతే గుండె ఒక్కసారిగా లయ తప్పి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోవచ్చట.

నేను ఐసీయూలో ఉన్నన్నాళ్లూ మా తెలుగు చర్చివాళ్లు గంటకొకరు చొప్పున గొలుసు ప్రార్థన చేశారు. కొందరు ఉపవాసాలున్నారు. నా భార్య కరుణకి పూటపూటా క్యారేజీలు తెచ్చారు. వాళ్ల రుణం తీరేది కాదు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆపద గడిచి బయటపడ్డవాళ్లు ఒక ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేను ఇంటికొచ్చిన ఐదో వారం మా పాస్టర్ అయ్యగారు అడిగారు. నేను మైకు పట్టుకుని, దేవుడు నాకు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడని చెప్పాను. హాలంతా స్తోత్రాలతో నిండిపోయింది. వేదిక దిగడానికి మూడు మెట్లు. రెండో మెట్టుకే ఆయాసం వచ్చింది. షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి, ఊపిరి తీసుకుని, నవ్వుతూ వెళ్లి కూర్చున్నాను.

అక్కడ ఇరుక్కుపోయాను. సాక్ష్యం చెప్పేశాక ఇంకా ఆయాసంగా ఉందంటే, నాకోసం పస్తులున్నవాళ్ల ప్రార్థనకి వంక పెట్టినట్టుంటుంది. ఎవరడిగినా బాగున్నానండీ అనేవాణ్ణి. కొన్నాళ్లకి కరుణకీ అదే చెప్పాను. జనం దాచిన తప్పులు వెతికి జీతం తీసుకునేవాణ్ణి, నా తప్పు నేను శుభ్రంగా దాచుకున్నాను.

ఒక్క మనిషి మాత్రం నమ్మలేదు. ఆవిడ పేరు డెనీస్.

వారానికి మూడు రోజులు నన్ను రిహాబ్‌కి వెళ్లమన్నారు. ఆసుపత్రి వెనక చిన్న జిమ్ లాంటి గది. ఛాతీకి వైర్లు అంటించి, వేలికి క్లిప్పు పెట్టి, నడక మెషిన్‌మీద మనల్ని మెల్లగా నడిపిస్తారు. అవతల తెరమీద అందరి గుండెలూ గీతలు గీస్తుంటాయి. డెనీస్ అక్కడి థెరపిస్టు, అరవై దాటిన టెక్సస్ ఆవిడ. అన్నేళ్లుగా ఆ పనిలో ఉన్న మనిషి ఎలా ఉంటుందో అక్కడే చూశాను. ఆవిడ తెర తక్కువ చూసేది, మనిషిని ఎక్కువ చూసేది. పక్కవాడి మెడ నరాలు, పెదవుల రంగు, మాట మధ్యలో ఎక్కడ ఆగాడు, అన్నీ ఆవిడకి కావాలి. ఎనభై ఏళ్ల ముసలాయన ఐదడుగులు ఎక్కువ నడిస్తే, సొంత తమ్ముడికి ఉద్యోగం వచ్చినంత సంబరపడేది.

ఎలా ఉన్నారని ఆవిడ ఎవరినీ అడగదు. ఆ ప్రశ్నకి అందరూ అబద్ధమే చెబుతారని ఆవిడ అనుభవం. గోడమీద సున్నా నుంచి పది వరకు ఒక పట్టీ ఉండేది. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే ఇక భరించలేను. డెనీస్ మన పక్కకొచ్చి, వైర్లన్నీ ఉన్నా సరే, రెండు వేళ్లు మణికట్టుమీద నొక్కిపెట్టి, "నంబర్?" అంటుంది. అంతే. చేతులు మాటిమాటికీ కడుక్కుంటుంది కాబట్టి ఆ వేళ్లెప్పుడూ చల్లగా ఉండేవి.

నేనెప్పుడూ రెండు అనేవాణ్ణి. నాలుగైనా రెండే, ఐదైనా రెండే. ఆ నడక తేలిక కాబట్టి తెరమీద కూడా పెద్ద తేడా కనబడేది కాదు. ఒకరోజు ఆవిడ వేళ్లు తియ్యకుండా, "మీ రెండు నాకు నచ్చడం లేదు సుధాకర్" అంది. నేను నవ్వేశాను.

మే నెలాఖరులో ఒక శనివారం మా చర్చి పిక్నిక్. ఇంటికి పది నిమిషాల దూరంలో పార్కు. పులిహోర, చికెన్ వేపుడు, పిల్లల కేకలు. ప్రతి ఏడూ వాలీబాల్ ఉంటుంది, మా జట్టులో మొదటి సర్వీసు నాదే. ఆ రోజు కుర్రాళ్లు వచ్చి, "అంకుల్, యూ ఆర్ హీల్డ్ కదా, సర్వ్ మీరే చేయాలి" అన్నారు. అయ్యగారు అక్కడే ఉన్నారు. కాదనడానికి నోరు రాలేదు. కరుణ పళ్లేలు సర్దుతోంది. డాక్టర్ ఒక్క గేమ్ ఆడొచ్చన్నారని తనకి కూడా అబద్ధం చెప్పి కోర్టులోకి వెళ్లాను.

బంతి ఎడమచేతిలో పట్టుకుని గీత వెనక నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం కాబోతోంది, ఎండ మాడిపోతోంది. ఛాతీలో ఏదో పిట్ట కొట్టుకుంటున్నట్టుంది. పట్టించుకోలేదు. కుడిచెయ్యి ఎత్తాను.

ఎవరో ఆ మణికట్టు పట్టుకున్నారు.

రెండు వేళ్లు, బొటనవేలి కింద, గట్టిగా, చల్లగా. చెవి దగ్గర డెనీస్ గొంతు "నంబర్?" అంది. తలతిప్పి చూశాను. నా వెనక పది గజాల దాకా గడ్డి తప్ప ఎవరూ లేరు. వేళ్లు మాత్రం తియ్యలేదు. జవాబు చెప్పిందాకా ఆవిడ ఎప్పుడూ తియ్యదు.

నేను "సెవెన్" అన్నాను. మనసులో కాదు, పైకే. నెట్ అవతల నిలబడ్డ కుర్రాడొకడు, "అంకుల్, స్కోర్ ఇంకా జీరోనే" అని నవ్వాడు కూడా. ఫ్లూ వచ్చాక నేను నోటితో చెప్పిన మొదటి నిజం అదే. బంతి వదిలేసి గడ్డిమీద కూర్చున్నాను. కరుణ పరుగెత్తుకొచ్చి నా మొహం చూసి ఎవరినీ అడక్కుండా అంబులెన్సు పిలిచింది.

ఆసుపత్రిలో చూస్తే గుండె వరసగా లయ తప్పుతోంది. మందులిచ్చి దారికి తెచ్చారు. ఎగిరి ఆ బంతి కొట్టి ఉంటే ఏమయ్యేదని కరుణ అడిగింది. అక్కడి డాక్టరుగారు, మీకు పిల్లలెంతమంది అని అడిగారు. కరుణ గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకు సిగ్గేసింది. ప్రాణంకంటే పరువే ఎక్కువనుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇంతవరకైతే ఏదో నరాల తిమ్మిరి, భయం, మనసు పన్నిన మాయ అని సరిపెట్టుకునేవాణ్ణి. సోమవారం పొద్దున రిహాబ్ తెరిచే వేళకి డెనీస్ నుంచి ఫోన్ వచ్చింది. నేనింకా ఆసుపత్రి మంచంమీదే ఉన్నాను, అక్కడివాళ్లకి మేమేమీ చెప్పలేదు. ఆవిడ పలకరింపు కూడా లేకుండా, "శనివారం పన్నెండు కాకముందు మీరెక్కడున్నారు?" అంది. చెప్పాను. అప్పుడు ఆవిడ తన సంగతి చెప్పింది. ఆ సమయంలో ఆవిడ నలభై మైళ్ల అవతల మనవరాలి ఈత క్లాసు దగ్గర బెంచీమీద కూర్చుని ఉంది. పక్కనే నిలబడి చెప్పినట్టు నా గొంతు "సెవెన్" అనడం వినబడిందట.

నేను టెస్టర్ని. మాట నమ్మను, ఆధారం అడుగుతాను. మూడు వారాల తర్వాత మళ్లీ రిహాబ్‌కి వెళ్లినప్పుడు అదే అడిగాను. డెనీస్‌తో పనిచేసే అమ్మాయి తన ఫోన్ తీసి చూపించింది. శనివారం డెనీస్ పంపిన మెసేజి ఉంది. సోమవారం రాగానే ముందు 'ఎస్'ని, అంటే నన్ను, చూడాలి, అతను రెండు కాదు, ఏడు అని. టైము పదకొండు నలభై రెండు. నా చేతి గడియారంలో గుండె వేగం ఉన్నట్టుండి పైకి లేచింది పదకొండు నలభై ఒకటికి.

నా రెండుమీద ఆవిడకి ముందునుంచీ అనుమానం ఉంది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ నిమిషమే ఎందుకు? ఆరో ఎనిమిదో కాక ఏడే ఎందుకు? డెనీస్‌ని అడిగితే భుజాలెగరేసింది. తను కూడా ఇలాంటివి నమ్మదట. "నమ్మకం సంగతి తర్వాత, ఇప్పుడు నంబర్ చెప్పండి" అంది. ఐదు అన్నాను. నిజంగానే ఐదు. ఆవిడ మెషిన్ వేగం తగ్గించి, రోజూ చెప్పాల్సిన మాట ఇవాళ్టికి చెప్పారంటూ నా వీపు తట్టింది. చేసే పనిమీద అంత ధ్యాస ఉన్న మనిషిని నేనింకొకరిని చూడలేదు.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారిని అడిగి మళ్లీ మైకు తీసుకున్నాను. వేళ్ల సంగతి చెప్పలేదు. చెబితే దేవదూత అంటారు, దానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమనీ, మీ ప్రార్థనలో లోపం లేదనీ, నేనింకా బాగవుతూనే ఉన్నాననీ మాత్రం చెప్పాను. ఈసారి స్తోత్రాలు లేవు. అయ్యగారు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపారు.

కార్ల దగ్గర ఐజాక్ గారు నాకోసం కాచుకుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, మా క్వయిర్‌లో పెద్ద గొంతు. కోవిడ్ నుంచి బతికి బయటపడి అదే వేదికమీద సాక్ష్యం చెప్పినవారు.

"సుధాకర్, నీతో ఒక మాటమ్మా. ఇంట్లో మేడ ఎక్కి ఏళ్లయింది. కిందే పడుకుంటున్నాను, మోకాళ్ల నొప్పని చెప్పాను మావాళ్లకి. ఆ రిహాబ్ అడ్రస్ కాస్త టెక్స్ట్ చేస్తావా?" అన్నారు.

అక్కడే పంపాను. ఆయన డాక్టరుకి చూపించుకుని, కాగితం రాయించుకుని, ఇప్పుడు సోమవారాలు నా పక్క మెషిన్‌మీద నడుస్తున్నారు. మొదటిరోజు డెనీస్ ఆయన మణికట్టు పట్టుకున్నప్పుడు నేను చూపు తిప్పుకోలేకపోయాను. అవే రెండు వేళ్లు. పార్కులో నన్ను పట్టుకున్నవి అవేనని ప్రమాణం చేసి చెప్పగలను. నలభై మైళ్ల దూరం నుంచి అవి నా దాకా ఎలా వచ్చాయో మాత్రం చెప్పలేను.