గౌరి వయసు

విజయనగరంలో పెళ్ళి గుర్రాలు తిప్పేవాళ్ళకి ఒకప్పుడు సోములే దిక్కు. గుర్రం మేత మానేస్తే అతన్నే పిలిచేవారు. దవడపళ్ళు మొనదేలి బుగ్గను కోస్తుంటే ఆకురాయితో అరగదీసేవాడు. ఊరేగింపుల్లో పెళ్ళికొడుకుల్ని మోసి పట్టేసిన నడుముకీ జబ్బలకీ నువ్వుల నూనె పట్టించి మర్దనా చేసేవాడు. గుర్రం తల వాల్చి బరువుగా ఊపిరి వదిలేవరకూ చెయ్యి తీసేవాడు కాదు.

గణపతిరావు దగ్గరున్న తెల్ల ఆడగుర్రం గౌరికి మొదటినుంచీ అతనే పని చేశాడు. ఒక వేసవిలో పెళ్ళిళ్ళు అయ్యాక గణపతిరావు కబురంపాడు. గౌరి నమిలిన గడ్డి ఉండలై కింద పడిపోతోంది. సోములు నోరు తెరిచి చూశాడు. ఒక పన్ను మొన బుగ్గలో దిగి పుండు చేసింది. మిగతావి చాలావరకు అరిగిపోయాయి. ఓపిగ్గా ఆ మొన తీసి, ఉప్పునీళ్ళతో నోరు కడిగాడు.

అప్పుడు గణపతిరావు అసలు పని చెప్పాడు. శ్రీకాకుళం నుంచి గోవింద్ అనే అతను గౌరిని కొనడానికి వస్తున్నాడు. కొనేవాళ్ళు గుర్రం వయసు ముందుపళ్ళు చూసే కడతారు; ముసలిదానికి అవి పొడుగ్గా సాగి, మీది నల్ల గుంటలు అరిగిపోతాయి.

"ముందుపళ్ళు కూడా పొట్టిగా అరగదీసీ. మీద నల్ల గుంటలెట్టు. వొయిసు గుర్రంలాగ కనబడాల."

ఏళ్ళ తరబడి తిండి పెట్టిన గుమ్మం అది.

"అది నా వొల్ల కాదు బాబూ. వొయిసులో ఉన్నాదనుకోని ఆయన పరిగెట్టిస్తాడు. ఇది పడిపోతాది."

గణపతిరావు కేకలెయ్యలేదు. ఇకమీదట తన కొట్టానికి రావద్దన్నాడు, అంతే. గోవింద్ వచ్చి పళ్ళు చూసుకుని, కొనకుండానే వెళ్ళిపోయాడు. గణపతిరావు మాట విని తక్కిన యజమానులు కూడా మెల్లగా సోములును పిలవడం మానేశారు. అతను మిల్లులో బస్తాల పనికి కుదిరాడు.

వానలు పట్టాక, అమ్ముడుపోని గౌరిని గణపతిరావు రామతీర్థం రోడ్డు పక్కన వదిలేశాడని తెలిసింది. సోములు వెళ్ళి నడిపించుకొచ్చాడు. భార్య చిన్నతల్లి ఏమంటుందోనని దారంతా బెంగే. ఆమె గౌరి ఎముకలు తేలిన వీపు మీద చెయ్యేసి చూసింది.

"ఏటి తింటాది ఇది?" అని మాత్రం అడిగింది.

తవుడు మెత్తగా నానబెట్టాలన్నాడు. ఆనాటినుంచి ఆ పని ఆమే చేసింది. గౌరి కొంత కోలుకుంది గానీ చలికాలం దాటలేదు. ఒక ఉదయం పడుకుని మళ్ళీ లేవలేకపోయింది. పశువుల డాక్టరు వచ్చి, ఇక చేసేదేమీ లేదని నొప్పి తెలియకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇచ్చాడు. సోములు పక్కనే కూర్చుని మెడ నిమురుతూ ఉండిపోయాడు. చర్మం చల్లబడింది. చిన్నతల్లి వచ్చి భుజం పట్టి లేపింది.

మరుసటి ఏడు గణపతిరావు కొట్టం నుంచి మళ్ళీ కబురొచ్చింది. కొత్త గుర్రం మేత ముట్టడం లేదట. వెళ్ళొద్దని చిన్నతల్లి గట్టిగానే అంది. సోములు మిల్లులో సెలవు అడిగి వెళ్ళాడు.