ఎల్లమ్మ నడుము కొలత, నా పంపు కథ

మొన్న మంగళవారం నేను మెడ లోతు నీళ్లలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. చెరువులో కాదు, రైల్వే స్టేషన్‌లో! చాయ్ తాగుతూ వినండి, నవ్వితే మాత్రం ఊరుకోను.

నేను ఖమ్మంలో ఓ కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుని. పేరుకే ఇంజనీరు, ఆర్నెల్లుగా టెంపరరీ. ఎర్రుపాలెం వైపు ఒక స్టేషన్‌లో పట్టాల కింద నుంచి ప్లాట్‌ఫారం మారడానికి సబ్‌వే ఉంది. గట్టి వాన పడితే చాలు, నిండిపోతుంది. జనం పిల్లల్ని చంకనేసుకుని పట్టాల మీదుగానే దాటేస్తారు. చూస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది. అందులోకి ఎంత నీళ్లొస్తాయో లెక్క తీసి, మునగని ఎత్తులో పంపు పెట్టించడం నా పని.

"గిది సక్కగ చేసినవనుకో, రిపోర్టుల నీ పేరు ఎక్కిస్త, పర్మినెంట్ గూడ చేస్త" అన్నాడు మా సారు.

తీరా చూస్తే పాత లెక్కలు ఏ రిజిస్టరులోనూ లేవు. సబ్‌వే మెట్ల దగ్గర ఏళ్లుగా జామకాయలమ్మే ఎల్లమ్మను అడిగాను. పోయిన వానాకాలం ఎంత వచ్చాయవ్వా అంటే, నడుం మీద చెయ్యి పెట్టి చూపించింది. ఎంత సంబరపడ్డానో! ఆమెను కిందికి తీసుకెళ్లి, నేల మీద నిలబెట్టి టేపుతో కొలిచాను. మూడడుగులు. ఎందుకైనా మంచిదని ఇంకో అర అడుగు కలిపి దిమ్మె కట్టించి, దాని మీద మోటారు బిగించాను.

మంగళవారం ఆఫీసరు తనిఖీకి వచ్చే వేళకు వాన దంచికొట్టింది. మంచిదే, పంపు పనితనం కళ్లారా చూస్తాడనుకున్నాను. అంతలో ఫ్యూజు పోయింది. స్టేషన్ వాళ్లతో మెయిన్ ఆపించి, మోటారుకేమైందో చూద్దామని గొడుగు పట్టుకుని మెట్లు దిగాను. మోకాళ్లు తడిశాయి, నడుము తడిసింది, ఇంకా మెట్లున్నాయి. కాలికి నేల తగిలేసరికి నీళ్లు మెడకొచ్చాయి. మోటారు జాడ లేదు. జేబులో కొత్త సెల్‌ఫోన్ కూడా దానితోపాటే పోయింది.

నాకు ఏడుపొచ్చేసింది. నడుము దాకానే అన్నావు కదవ్వా అని పైనున్న ఎల్లమ్మ మీద అరిచాను.

"అవ్ బిడ్డా, నా నడుముకే వచ్చినయ్. నేను కింది నుంచి మూడో మెట్టు మీద నిలబడ్డ. గన్ని నీళ్లల్ల అడుగుదాకా ఎవలన్న దిగుతరా? యాడ నిలబడ్డవని నువ్వు అడిగినవా?"

అడగలేదు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు. ఇక నా బతుకు ఇంతే అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు, మా సారు ప్యాంట్లు పైకి మడుచుకుని వచ్చారు. వాళ్లూ పట్టాలు దాటే వచ్చారు. పంపేదమ్మా అని ఆఫీసరు అడిగితే నీళ్లకేసి వేలు చూపించాను. ఆయన తిట్టను కూడా లేదు, తిట్టినా బాగుండేది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పమన్నాడు. నా టేపు నీళ్లపాలైంది.

ఎల్లమ్మే చెప్పింది. "ఈ బిడ్డ మెడ దాకా సారూ. ఈమైతే అడుగుదాకా దిగింది, నేను సూసిన."

ఆయన రాసుకున్నాడు.

నిన్న రిపోర్టు వచ్చింది. పర్మినెంట్ సంగతి మా సారు ఎత్తలేదు, నేనూ అడగలేదు. పేరు మాత్రం ఎక్కింది. లెక్క తీసినవాళ్ల జాబితాలో వెతక్కండి, అక్కడ లేదు. మూడో పేజీలో ఉంది: 'గరిష్ఠ నీటి మట్టం - సునీత మెడ వరకు.'