విప్పని చీటీ

లేయమ్మ వండిన కూరలో ఉప్పు తప్పిందని మదనపల్లెలో ఎవరూ ఏనాడూ అనలేదు. అలాగని ఆమె రుచి చూసి వేసేది కాదు. ఎంతమందికి ఎన్ని పిడికిళ్ళో చేతికి తెలుసు. చెయ్యి దాని పని అది చేసేది, నోరు మూసుకుని ఊరుకునేది. పంతొమ్మిది వందల డెబ్బై మూడు నుంచి ఆమె నాలుకకు ఉప్పు తెలియదు. పులుపు, కారం లీలగా తగిలేవి. ఉప్పు మాత్రం అసలే లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఉప్పు తెలియని వంటమనిషిని ఎవరైనా పనిలో పెట్టుకుంటారా?

ఆమె పుట్టింది పుంగనూరులో, గోడలు కట్టే బేల్దారి మునిస్వామి ఇంట. పెళ్ళయి మదనపల్లెకు వచ్చింది. మొగుడు తొందరగా పోతే, పాలు మరవని కొడుకును చంకనేసుకుని చర్చి వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. కొడుకు పేరు ఓబేదు. పద్దెనిమిదో ఏట వాడు యువజనుల క్యాంపుకు పోయి, ఆఖరినాడు నలుగురిలో లేచి నిలబడి, ఈ దినం నుంచి నా బతుకు దేవునిదని చెప్పి వచ్చాడు. లేయమ్మ ఆ రోజు వీధంతా చక్కెర పంచింది. మరుసటేడు వాడికి కామెర్లు వచ్చాయి. ఆస్పత్రికి తీసుకుపొమ్మని నలుగురూ మొత్తుకున్నారు. దేవుడికి ఇచ్చిన బిడ్డను దేవుడు చూసుకోడా అంది లేయమ్మ. నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాపింది, ఉప్పులేని పథ్యం పెట్టింది, తొమ్మిది దినాలు తానూ ఉపవాసముండి మోకాళ్ళు కాయలు కాచేలా ప్రార్థన చేసింది. పదోనాడు పొద్దున వాడు లేడు.

ఆమె ఏడవలేదు. ఏడుపు రాలేదు గనక ఏడవలేదు, అంతే. మూడోనాడు హాస్టల్లో పొయ్యి ముట్టించింది. ఆదివారం చర్చికి పోవడం మానలేదు, పాట వచ్చినప్పుడు పెదవులు కదిలించడం మానలేదు. ప్రార్థన మాత్రం ఆగిపోయింది. దేవుడి మీద అలిగి మానేసిందనుకుంటే పొరపాటు. అలకైనా ఉంటే మేలే, అలిగినవాళ్ళు ఏదో ఒకనాడు మాట్లాడతారు. ఈమెది అదీ కాదు. ఎండిన బావిలోకి చేద దింపి లాగితే వట్టి చేద పైకి వచ్చినట్టు ఉండేది.

డెబ్బై ఎనిమిది మే నెలలో, సెలవులకు పిల్లలు పోయి హాస్టలు ఖాళీ అయ్యాక, ఆ ఏటి క్యాంపు అక్కడే పెట్టారు. వాయల్పాడు నుంచి, పెద్దమండ్యం నుంచి, పుంగనూరు, కుప్పం నుంచి నలభై ఒక్కమంది ట్రంకు పెట్టెలతో దిగారు. అందరూ పదహారు దాటినవాళ్ళు, పాతిక దాటనివాళ్ళు. నడిపేది దైవసహాయం అయ్యగారు. ఆయన మంచివారు, గొంతు పెద్దది, జ్ఞాపకం చిన్నది.

ఆ క్యాంపులో ఒక ఆచారం ఉంది. మొదటిరోజు అందరి పేర్లూ చీటీల మీద రాసి, మడిచి, సత్తు బేసిన్‌లో వేస్తారు. ఒక్కొక్కరూ ఒక చీటీ తీసుకోవాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళ కోసం ఆరు దినాలూ ప్రార్థన చెయ్యాలి, ఎవరికీ చెప్పకూడదు. ఆఖరినాడు ఒక్కొక్కరే లేచి, ఎవరి కోసం చేశారో బయటపెడతారు. ఆ ఏడు చీటీలు రాసిన పిల్ల, అయ్యగారు చేతికిచ్చిన కాగితం చూసి రాసింది. ఆయన ఇచ్చింది క్యాంపు పట్టీ కాదు, భోజనాల పట్టీ. దాని చివర లేయమ్మ పేరు కూడా ఉంది. అందరూ తీసుకున్నాక బేసిన్‌లో ఒక చీటీ మిగిలింది. ఆ పిల్ల దాన్ని పట్టుకుని వంటగదికి వచ్చింది.

"పెద్దమ్మా, పట్టీలో నీ పేరు గూడా ఉండాది. ఇది నీ వంతు, తీసుకో. ఎవురికీ చూపీగూడదు."

లేయమ్మకు చదువు రాదు. చదివించుకుందామంటే ఎవరికీ చూపకూడదాయె. మడత విప్పకుండానే కొంగున ముడేసుకుంది. చదువు రాకపోవడంలో కూడా ఒక సుఖం ఉందని ఆమెకు ఆనాడే తెలిసింది. ఆ మాటకొస్తే, ఈ కొంగులో ఉన్న బిడ్డను చల్లగా చూడమని దేవుణ్ణి అడగడానికి పేరు తెలియనక్కరలేదు, బడికి పోనక్కరలేదు. ఆ సంగతి ఆమెకూ తోచింది. తోచినా అడగలేదు.

వచ్చినవాళ్ళలో కస్తూరి అని కుప్పం పిల్ల ఒకతె. పదిహేడేళ్ళు. తల్లి లేదు, తండ్రి రెండో పెళ్ళి చేసుకున్నాడు. పాట పాడదు, ఆటకు రాదు, కంచంలో అన్నం కెలికి లేచిపోతుంది. లేయమ్మ ఆ కంచాన్ని చూసింది గానీ పిల్లను చూడలేదు. తినేదానికి ఏం రోగమని గొణిగి ఊరుకుంది. మూడోరోజు మధ్యాహ్నం, చింతచెట్టు కింద అందరూ బైబిలు చదువుతుండగా, ఆ పిల్ల ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. ఏడ్చి ఏడ్చి లేచి, మొహం కడుక్కుని, వంటగదికి వచ్చి సంగటి పెట్టమని అడిగి తింది. ఆ సాయంత్రం నుంచి పాడడం మొదలుపెట్టింది. మంచి గొంతు. మూడు రోజులుగా ఎక్కడ దాచిందో ఏమో.

ఆరోనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పందిరి కింద చీటీల సభ పెట్టారు. ఒక్కొక్కరే లేస్తున్నారు, ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, ఒకరి చేతులొకరు పట్టుకుంటున్నారు. లేయమ్మ వంటగది గుమ్మంలో నిలబడి టీ గ్లాసులు తుడుస్తోంది. వాయల్పాడు నుంచి వచ్చిన ఆనందరావు లేచాడు. కాలేజీ కుర్రవాడు, తిండిపుష్టి గలవాడు.

"నాకి లేయమ్మ అని వచ్చింది అయ్యగారూ. అందరినీ అడిగినా, ఆ పేరుగల్ల అమ్మాయి లేనేలేదు. ఏమడగల్లో తోచక, ఆయమ్మ యాడుండినా కడుపునిండా తినల్ల అని అడిగినా."

పందిరంతా నవ్వు. అయ్యగారు నాలుక కరుచుకుని వంటగది వైపు చూశారు. "ఆరు దినాలుగా నీకి సంగటి పెట్టే ఆయమ్మ ఎవురనుకున్నావప్పా?" అన్నారు. లేయమ్మ కూడా నవ్వాలని చూసింది. మొహం కదల్లేదు.

అప్పుడు కస్తూరి లేచింది.

"బతకల్లని లేకుండానే నేను ఈడికి వచ్చినాను. మూడోదినం మద్దేన్నం నాకోసరం ఎవురో శానా గట్టిగా ప్రార్థన చేసినారు. నాకి తెలిసిపోయింది. అదంతా ఆ దినమే పోయింది. వాళ్ళెవురో ఒకసారి లేసి నిలబడండి. మొగం చూడల్ల."

ఎవరూ లేవలేదు. అయ్యగారు అటూ ఇటూ చూశారు. అందరి చీటీలూ అయిపోయాయి. ఎవరమ్మా, దాచకండి అన్నారు. కస్తూరి నిలబడే ఉంది. మూడోరోజున ఆ మొహంలోకి వచ్చిన కళ, చూస్తుండగానే తగ్గుతూ వచ్చింది.

"నాకోసరం ఎవురూ లేరా?" అంది మెల్లగా.

లేయమ్మ కొంగుముడి విప్పింది. నడిచి వచ్చి చీటీని అయ్యగారి చేతిలో పెట్టింది. ఆయన మడత విప్పి గట్టిగా చదివారు. "కస్తూరి, కుప్పం."

చప్పట్లు మోగాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు. కస్తూరి పరుగెత్తుకొచ్చి లేయమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, నువ్వా పెద్దమ్మా, నువ్వా అని ఏడ్చింది. మూడోరోజు మధ్యాహ్నం తానేం చేసిందో లేయమ్మకు బాగా గుర్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరింది. పాలలో నీళ్ళు పోశాడని పాలవాడితో తగువు పెట్టుకుంది. అంతకు మించి ఏమీ లేదు. చెబుదామని నోరు తెరిచింది. మెడ మీద ఆ పిల్ల కన్నీళ్ళు వెచ్చగా జారుతున్నాయి. అయ్యగారు, రెండు మాటలు చెప్పు లేయమ్మా అన్నారు.

"టీ సల్లారిపోతాండాది," అంది లేయమ్మ.

ఆహా, ఎంత అణకువ అనుకున్నారు అందరూ.

ఆ తర్వాత అయ్యగారు ఏటా క్యాంపులో ఈ కథ చెప్పేవారు. చెప్పినకొద్దీ చిలవలు పలవలు మొలిచాయి. నాలుగో ఏటికి, లేయమ్మ బియ్యం మూటల మధ్య మోకరించి కన్నీరు మున్నీరుగా ప్రార్థన చేసినట్టు అయికూర్చుంది. పిల్లలు వంటగదికి వచ్చి, పరీక్ష ఉంది పెద్దమ్మా, ఉద్యోగం రావాలి పెద్దమ్మా అని అడిగిపోయేవారు. "సరే, పో" అనేది. ఒకసారి నిజంగానే మోకరించి చూసింది. కస్తూరి పేరు అందామని నోరు తెరిస్తే ఓబేదు పేరు వచ్చింది. లేచి పప్పు కడగడానికి పోయింది.

కస్తూరి నుంచి నెలకో కార్డు వచ్చేది. హాస్టలు పిల్లలు చదివి వినిపించేవారు. టీచరు ట్రైనింగు అయింది, బడిలో ఉద్యోగమొచ్చింది, రైల్వేలో పనిచేసే ఆయనతో పెళ్ళయింది. ప్రతి కార్డు చివరా ఒకటే మాట: నీ ప్రార్థనే నన్ను నిలబెట్టింది పెద్దమ్మా. లేయమ్మ విని "ఊఁ" అనేది. సిగ్గుపడాలని తెలుసు. సిగ్గు కూడా రాలేదు.

ఎనభై నాలుగు జూలైలో ఒక కార్డు వచ్చింది. చదివే పిల్ల మామూలుగానే చదువుకుంటూ పోయింది. పెద్దమ్మా, నాకు ఏడో నెల. మొదటి కాన్పు నిలవని సంగతి నీకు రాశాను గదా. ఇప్పుడు కాళ్ళు వాచాయి, కళ్ళు తిరుగుతున్నాయి. రక్తపోటు ఎక్కువగా ఉంది, ఉప్పు మానేసి వెంటనే ఆస్పత్రిలో చేరమని డాక్టరమ్మ అంటోంది. నేను చేరనని చెప్పాను. నీ ప్రార్థన ఉండగా నాకు ఆస్పత్రి ఎందుకు?

"ఇంగోసారి సదువు," అంది లేయమ్మ.

మరునాడు పొద్దున్నే బస్సెక్కింది. పదకొండేళ్ళలో ఊరు వదిలిపోవడం అదే మొదటిసారి. పుంగనూరులో బస్సు ఆగింది. పుట్టిన ఊరని తల తిప్పి కూడా చూడలేదు. పలమనేరులో బస్సు మారింది. నిజం చెబితే, ఆ పిల్ల చింతచెట్టు కింద దొరికిన దేవుణ్ణి పారేసుకోవచ్చు. చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు. తనను నమ్మి ఒక బిడ్డ పోయాడు, చాలు. ఇంత ఆలోచిస్తున్నా గుండెలో భయం లేదు, బాధ లేదు. చెప్పవలసిన మాటను పట్టుకుని కూర్చుందంతే.

కుప్పంలో రైలుకట్ట పక్కన ఇల్లు. కస్తూరి మొగుడు డ్యూటీకి పోయాడు. కస్తూరి మొహం ఉబ్బి ఉంది, పాదాల మీద చెప్పుల పట్టీ అచ్చు లోతుగా దిగింది. నువ్వొస్తావని నాకు తెలుసు పెద్దమ్మా అంటూ లోపలికి తీసుకుపోయింది. పీట వేసి, సంగటి, పప్పు వడ్డించింది. లేయమ్మ కంచం ముట్టుకోలేదు.

"కూసో కస్తూరీ. నేను నీకోసరం ప్రార్థన చెయ్యలేదు."

"ఇప్పుడు చేస్తువులే పెద్దమ్మా. ముందు తిను."

"ఇప్పుడు కాదు, ఆ దినం. ఆ ఆరు దినాలూ. ఆ సీటీ నేను ఇప్పనే లేదు. నువ్వు ఆడ ఏడస్తాంటే నేను ఈడ బియ్యంలో రాళ్ళు ఏరతాండాను. ఆ తర్వాత గూడా చెయ్యలేదు. ఒక్క దినం గూడా."

కస్తూరి గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "ఇప్పుడు ఎందుకు చెప్తాండావు?" అంది.

"నాకి ఓబేదని కొడుకుండె. కామెర్లొచ్చె. నా ప్రార్థన ఉండాది గదా అని ఆస్పత్రికి తీసకపోలేదు. తొమ్మిదోదినం సాయంత్రం వాడు, అమ్మా, ఒక్క ఉప్పుగల్లు నాలిక మింద పెట్టు అనె. పత్తెం సెడతాదని పెట్టలేదు. తెల్లారేసరికి పాయె. ఆ దినం నుంచి నాకి ఉప్పు తెలీదు, ప్రార్థన రాదు. నన్ను నమ్ముకోని కూసుంటే నువ్వు గూడా పోతావు. ఆస్పత్రికి పో తల్లీ."

ఆ ఉప్పుగల్లు సంగతి ఆమె నోట రావడం అదే మొదలు. చెప్పుకుంటే గుండె తేలికవుతుందంటారు. ఏమీ కాలేదు.

"ఆరేండ్లు మోసం చేసినావు," అంది కస్తూరి. "అట్లయితే ఆ దినం నాకొచ్చిందేంది? ఎవురూ అడక్కుండానే వచ్చిందా?"

"అది నాకి తెలీదు. నాది మాత్రం కాదు."

కట్ట మీద గూడ్సు బండి పోయింది. చివరికి కస్తూరి కళ్ళు తుడుచుకుంది.

"తిను. దూరం నుంచి వచ్చినావు," అంది మొహం ఇటు తిప్పకుండా.

లేయమ్మ ముద్ద కలిపి నోట పెట్టుకుంది. నమలబోయి ఆగింది. ఇంకో ముద్ద తీసుకుంది.

"కస్తూరీ, పప్పు ఉప్పు కషాయంగా ఉండాది."

"నాకి ఉప్పు తెలీదని ఇప్పుడే అంటివే!" కస్తూరి కోపంగా ఇటు తిరిగి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. లేయమ్మ ఏడుస్తోంది. నోట్లో ముద్ద ఉండగానే, పదకొండేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపును, ఇరుగుపొరుగు వినేంత గట్టిగా ఏడుస్తోంది.

"తెలస్తాండాది," అంది ఎక్కిళ్ళ మధ్య. "డాక్టరమ్మ వద్దన్నాక ఇంత ఉప్పేసుకోని తింటాండావా? లెయ్యి. నువ్వు లెయ్యి."

కస్తూరి లేచింది. పప్పు గిన్నె తీసుకుపోయి పెరట్లో ఒంపేసింది. ఆస్పత్రికని రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. లేయమ్మ ముందున్న కంచం తీయబోతే, లేయమ్మ దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఉండనీ," అంది.

ఏడుస్తూనే తింది. కస్తూరి గుమ్మంలో సంచి పట్టుకుని, ఆ కంచంలో చివరి మెతుకు అయిపోయేదాకా నిలబడింది.