అంతోని టైపు చేసిన జపాన్ అర్జీ

గురజాల కోర్టు ఎదురు వరసలో మూడో కొట్టు అంతోనిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అర్జీలు టైపు చేస్తున్నాడు. మొదట మిషను మీద, తర్వాత కంప్యూటర్ మీద. చదువు ఇంటర్ దగ్గరే ఆగినా కోర్టు ఇంగ్లీషంతా ఆయన వేళ్ళలో ఉంది. ఒక మొండి అలవాటు మాత్రం ఉంది: తనకు అర్థం కాని కాగితం టైపు చెయ్యడు. ప్లీడరు చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "ఇంతకీ గోడ ఎవరిదండీ?" అంటాడు. ఈ ప్రశ్నలు పడలేక కొందరు ప్లీడర్లు పక్క కొట్టుకు మారారు. మారని వాళ్ళే కేసులు గెలిచారని అంతోని చెప్పుకుంటాడు. ప్లీడర్లెవరూ ఆ మాట ఒప్పుకోరు.

రెండేళ్ళ కిందట ఆగస్టులో ఒక మధ్యాహ్నం నడికుడి నుంచి ప్రత్యూష వచ్చింది. రైల్వేలో చేసి రిటైరైన రామబ్రహ్మం కూతురు. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా పడింది. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ కావాలి.

"ఐదింటికల్లా అప్‌లోడ్ చెయ్యాలి బాబాయ్. ఫెలోషిప్పు. ఎర్లీ కెరీర్ వాళ్ళని ఖర్చులిచ్చి ఆరు నెలలు జపాన్ ల్యాబ్‌కి పంపిస్తారు."

"ఎర్లీ అంటే?"

"పీహెచ్‌డీ అయ్యి ఐదేళ్ళు దాటనోళ్ళు."

అఫిడవిట్ కొడుతూ అంతోని వయసు దగ్గర ఆగాడు. "ముప్పై మూడు. ఇంకా మొదట్లోనే ఉన్నావా అమ్మాయ్?"

"మా దాంట్లో అంతే బాబాయ్."

"ఏంది నీ పని?"

"స్టెమ్ సెల్స్."

"స్టెమ్ అంటే కాండమేగా. మిరప కాండానికి జపాన్ దాకా ఎందుకు? గుంటూరు లాం ఫారంలో చూడరా?"

ప్రత్యూష నవ్వాపుకుని, అవి మనిషి ఒంట్లోవని, తెలుగులో మూలకణాలంటారని చెప్పింది. పెన్‌డ్రైవ్ ఇచ్చి, అందులో ఉన్న పేజీని అఫిడవిట్‌తో కలిపి పంపమంది. తన పని గురించి సామాన్యులకు అర్థమయ్యేలా రెండు వందల మాటల్లో రాయమన్నారు. ఆ పేజీ అదే. అంతోని తెరిచి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇది నేను పంపను."

"ఎందుకు బాబాయ్?"

"సామాన్యులకు అర్థమవ్వాలని వాళ్ళే రాశారు. నేను సామాన్యుణ్ణి. నాకు అర్థం కాలా."

"నాకూ కాలా" అంది బెంచీ మీద కూర్చున్న మాబున్నీసా. పిడుగురాళ్ళ నుంచి పింఛను దరఖాస్తు పని మీద వచ్చిన మనిషి. ప్రత్యూష రాసిన పేజీ ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు.

గోడ గడియారంలో రెండూ నలభై. అంతోని కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. "దెబ్బ తగిలింది ఎవరికి? ఎట్టా తగిలింది? ఇప్పుడు వాళ్ళకేం దారి ఉంది? నువ్వేం అడుగుతున్నావు? ఈ నాలుగూ లేకపోతే అది అర్జీ కాదు."

"ఇది అర్జీ కాదు బాబాయ్, సైన్సు."

"వాళ్ళని ఇమ్మని అడుగుతున్నావా, లేదా?"

"అడుగుతున్నా."

"అయితే అర్జీయే."

ఆమె విసుగ్గానే మొదలుపెట్టింది. కంట్లో నల్లగుడ్డు అంచున కొన్ని మూలకణాలుంటాయి. గుడ్డు మీది పలచటి పొరను అవే ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేస్తుంటాయి. మందులేవన్నా పడి అవి కాలిపోతే, తెల్లగుడ్డు పొర నల్లగుడ్డు మీదికి పాకుతుంది. చూపు పోతుంది.

"మందులంటే ఏంది?"

"యాసిడ్, సున్నం..."

అంతోని చేతులు కీబోర్డు మీంచి లేచాయి. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ పరిహారం అర్జీలు ఆయన ఎన్ని కొట్టాడో లెక్కలేదు. బెంచీ వైపు చూశాడు. మాబున్నీసా ముసుగు పక్కకు లాగి ఎడమ కన్ను చూపించింది. నల్లగుడ్డు మీద పాలమీగడలా తెల్లటి పొర.

"తొమ్మిదేళ్ళయింది. సున్నం బస్తా ఎత్తుతుంటే పగిలి మొహాన పడింది" అంది.

ప్రత్యూష ఇలాంటి కళ్ళను ఫొటోల్లోనే చూసింది. ఆమె పనంతా గాజు పళ్ళేల్లోని కణాలతోనే. ఫోను లైటు వేసి, మాబున్నీసా గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు గానీ ఆమెకు తెలుగు రాలేదు.

"నీకు కుడికన్ను బాగుంది కదా పిన్నీ. అందులోంచి గింజంత ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచి ఈ కంట్లో వెయ్యొచ్చు. ఆ వైద్యం ఇప్పటికే ఉంది. రెండు కళ్ళూ పోయినవాళ్ళకే తియ్యడానికి చోటుండదు. వాళ్ళకి ఒంట్లో వేరే కణాల్ని కంటి కణాలుగా మార్చాలి. జపాన్‌లో నేర్చుకోవాల్సింది అదే."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంటూ అంతోని కొట్టడం మొదలుపెట్టాడు.

ఇద్దరికీ ప్రతి వాక్యం దగ్గరా తగాదానే. పిడుగురాళ్ళ పిన్‌కోడ్ ఉండాలని ఆయన, వద్దని ఆమె. 'డిఫరెన్షియేషన్' ఉండాలని ఆమె, ఆ మాట తన కొట్లోంచి బయటికి పోదని ఆయన. మాబున్నీసా ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ పక్షం చేరింది. ఐదుకు పది నిమిషాలుండగా కరెంటు పోయింది. బ్యాటరీ కుయ్యిమంటుండగా అంతోని బటన్ నొక్కాడు.

ప్రత్యూష ఇంటికెళ్ళి కాపీ తెరిస్తే, తాను రెండుసార్లు తీసేయించిన చివరి వాక్యం చెక్కుచెదరకుండా కనిపించింది. 'కావున గౌరవనీయ కమిటీ వారు న్యాయం నిమిత్తం పిటిషనరుకు ఆరు నెలల జపాన్ మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.' వెంటనే ఫోన్ చేసింది.

"ప్రార్థన లేకుండా ఎట్టా పంపుతామమ్మాయ్?" అన్నాడు అంతోని. "వాపసు కొడతారు."

అక్టోబరులో కమిటీ ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసింది. కణాల మీద నలభై నిమిషాలు గుచ్చి గుచ్చి అడిగారు. ఆఖరున పెద్దావిడ ఒకరు ఆ వాక్యం పైకి చదివి, న్యాయం ఎవరికని అడిగారు. క్షమాపణ చెప్పడానికి సిద్ధపడి కూర్చున్న ప్రత్యూష, అది మానుకుని సున్నం బట్టీల సంగతి చెప్పింది. తర్వాత ఇంకొకాయన, మీ వకీలు ఎవరని అడిగాడు. మూడు వారాలకు మంజూరు కాగితం వచ్చింది.

దాంతో ఆయన జపాన్ అంతోని అయ్యాడు. మూలకణాలతో తమకూ నయమవుతుందని మోకాళ్ళ నొప్పులవాళ్ళు, బట్టతల వాళ్ళు కొట్టు ముందు వరస కట్టారు. అందరికీ ఒకటే మాట చెప్పాడు. "మీ రోగాలకి అది ఇంకా ల్యాబ్‌లోనే ఉంది. ఇప్పుడే చేస్తామని ఎవడన్నా డబ్బులడిగితే నా దగ్గరికి రండి. వాడి మీద కంప్లయింటు ఊరికే కొట్టిపెడతా."

ప్రత్యూష జపాన్ వెళ్ళేలోపు హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రిలో మాబున్నీసాను చూపించింది. ఉన్న కన్ను కూడా గిల్లుతారంట అని ఆమె రెండుసార్లు రైలు దగ్గర్నుంచే వెనక్కి వచ్చింది. మూడోసారి అంతోని కొట్టు మూసి వెంట వెళ్ళాడు. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి చుక్కల మందు వేసుకుంది. చూపు పూర్తిగా రాలేదు. మసకగా, దగ్గరికెళ్తే అక్షరాలు తెలిసేంత వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి ఒకరోజు గురజాల వచ్చింది. కొట్టు మెట్టెక్కి, కుడికన్ను మూసుకుని ఎడమకంటితో బోర్డు చదివింది. తర్వాత ఎడమకన్ను మూసుకుని కుడికంటితో చదివింది.

"అన్నా, ఇక్కడ 'ధరకాస్తులు' అని రాసుంది. అది దరఖాస్తులు కదా?"

అంతోని బయటికొచ్చి తలెత్తి చూశాడు. బోర్డు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది.

"పెయింటరు తప్పు" అన్నాడు చివరికి. "నువ్వు చానాసార్లు వచ్చావుగా, ముందే చెప్పకపోయావా?"

"నా కన్నే తప్పు చూస్తందనుకున్నా" అంది మాబున్నీసా.