కందనకాయ ఎవరిది

బోధన్ దగ్గర ఒక చెరుకు రైతు ఇంట్లో నన్ను భోజనానికి ఉండమన్నారు. ఆ రోజే వాళ్ల అల్లుడు కూడా వచ్చాడని నాటుకోడి కోశారు. కోడలు లావణ్య వాకిట్లో కూర్చుని కందనకాయ చీల్చి, లోపలి ఇసుక కడిగి, పచ్చటి పొరను గోళ్లతో ఒలుస్తోంది. కోడి మింగిన గింజల్ని నూరే ఆ గట్టి కండ కోసం మా గుంటూరు ఇంట్లో అందరం కొట్టుకునేవాళ్లం. ముందు అడిగినవాళ్లదే కందనకాయ.

అందుకే ముందే అడిగాను. లావణ్య అత్తగారు నవ్వింది.

"గది అల్లునిది బిడ్డా. అల్లుడొస్తే ఇంకొకలకు పెట్టం."

"నువ్వెప్పుడైనా తిన్నావా?" అని లావణ్యను అడిగాను.

"పెండ్లయినంక లేదక్కా. గీడ మా ఆడిబిడ్డ మొగనికి పెడ్తం, మా తల్లిగారింట్ల మా ఆయనకు పెడ్తరు."

అల్లుడు ఫోన్ చూసుకుంటూ తిన్నాడు. కందనకాయను కంచం అంచుకు నెట్టేసి, "గట్టిగుంది" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

లావణ్య ఆ కంచం తీసుకెళ్లి, ఎముకలతో పాటు కందనకాయను కూడా కుక్కకు వేసింది. కుక్కను మాత్రం ఎవరూ ఆపలేదు.