తాత పెట్టిన తూటా

నా చిన్నప్పుడు ఎన్నికలు వచ్చాయంటే ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలోని లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయాల్సి వచ్చేది. మా తాత దగ్గర చెరుకుతోటను అడవిపందుల నుంచి కాయడానికి ఒక చిన్న ట్వంటీటూ రైఫిల్ ఉండేది. మురికి తుపాకిని పరాయివాళ్ళ చేతికివ్వడం ఆయనకు నామోషీ. ఆ ఏడు ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది, కానీ ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. అందుకే కాబోలు, ఎనిమిదో తరగతి చదువుతున్న నన్ను పిలిచి, "ఇయ్యాల నువ్వే సాఫ్ చెయ్యి బిడ్డా" అన్నాడు.

చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని గాదె వెనక దాక్కునే పిల్లను నేను. తూటా పెట్టే చోటును మూసే బోల్టును ఊడదీసి కిరసనాయిలుతో తుడిచాను. పాత ధోవతి పీలికను గొట్టంలో నుంచి లాగి, ఎండకు పెట్టి చూస్తే లోపల మెలికలు తిరిగిన మెరుపు. తిరిగి బిగించేటప్పుడు బోల్టు సగంలో ఆగింది. "జోరు చెయ్యకు, అదే పోతది" అన్నాడు తాత. నిజంగానే టక్కున లోపలికి పోయింది.

ఆ రైఫిల్‌ను ఖాళీగా పేలిస్తే లోపలి సూది గొట్టం అంచుకు తగిలి పాడవుతుందట. అందుకని పరీక్షించేటప్పుడు ముందే కాల్చేసిన ఉత్త తూటా ఒకటి పెట్టి ట్రిగ్గర్ నొక్కేవాడు. ఉత్తవి, మంచివి వేరువేరు డబ్బాల్లో ఉండేవి. ఇల్లు అలికినప్పుడు అవ్వ రెండూ ఒకే డబ్బాలో పోసిందని మాకు తర్వాత తెలిసింది. తాత చూడకుండానే ఒకటి తీసి లోపలికి తోసి, బోల్టు మూసి నా చేతికిచ్చాడు.

"ఉత్తదే. నొక్కు."

గొట్టం తడిక వైపు ఉంది. తడిక అవతల అవ్వ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు. తాత తోస్తున్నప్పుడు ఆ తూటా మూతి కాలినదానిలా నల్లగా కాక బూడిదరంగులో మెరిసినట్టు అనిపించింది. అనిపించిందంతే. ఇప్పుడు తెరిచి చూడడమంటే ఆయన కళ్ళ సంగతి పైకి అనడమే. మా నాయన కూడా అంత పని చేయలేదు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను, నొక్కలేదు.

"ఏందే, గింతసేపు? పుస్తకం సదివినంత అల్కగ లేదా?"

"తాతా... ఒక్కసారి తెరిచి చూస్త."

"ఉత్తదని చెప్తున్న గదా!"

వేలు తీసి, బోల్టు లాగాను. తూటా బండ మీద పడి దొర్లింది. దాని ముక్కున సీసపు గుండు పేలకుండా అలాగే ఉంది.

రొట్టె చప్పుడు ఆగలేదు. తాత వెతికి దాన్ని పట్టుకుని, మొనను బొటనవేలితో చాలాసేపు తడిమాడు. కొడతాడనుకున్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేద్దామనుకున్నాను. ఆయన లేచి తడిక దగ్గరికి పోయాడు.

"ఇగో, ఇటు సూడు. మంచి తూటా పెట్టి ఉత్తదన్న. పిల్ల నా మాట ఇనకుంట తెరిచింది, గందుకే నువ్వు బతికినవ్."

అవ్వ పిండి చేతులతో బయటికొచ్చింది. "నీ కండ్లల్ల మన్ను వొయ్య! నన్నేమన్న అడివిపంది అనుకున్నవా ముసలోడా?" తాతను ఎవరైనా తిట్టగా వినడం నాకు అదే మొదలు. ఆయన తలవంచుకుని మొత్తం విన్నాడు. ఆ తర్వాత నా ముందు కూర్చుని, "మల్ల మొదటి నుంచి ఇప్పు. ఈసారి నేనేం చెప్పినా నమ్మకు, సూసుకో" అన్నాడు.

పెద్దయ్యాక కామారెడ్డిలో పిల్లలకు లెక్కలు చెప్పాను. బోర్డు మీద నేను తప్పు వేసిన రోజున, వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఏ పిల్లో చెయ్యి సగం లేపి దించేసుకునేది. ఆమెను ముందుకు పిలిచి, తప్పు నాదేనని అందరికీ వినపడేలా చెప్పేదాన్ని. అంత చిన్న మాట అనే ముందు ప్రతిసారీ తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచేదాన్ని. తాత తడిక దాకా నడిచిన ఆ నాలుగడుగులు ఎంత దూరమో నాకు అప్పుడు తెలిసేది.